దసరా సేల్, ఈఎంఐలు, అత్తగారు: నాకు తోచిన దారి

అక్కా, దసరా సేల్‌లో కొన్నవాటికి సంక్రాంతి దాటినా ఈఎంఐలు కడుతున్నామని, ఈసారి తగ్గిద్దామంటే అత్తగారు ఏమంటారోనని టెన్షన్‌గా ఉందని రాశారు కదా. ముందు ఫోన్‌లో షాపింగ్ యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేసి, అందులో సేవ్ చేసిన కార్డు వివరాలు తీసేయండి. నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ లేదని కాదు, మామూలుగా ఆ వడ్డీ మేరకు ముందే డిస్కౌంట్‌గా చూపిస్తారు, కానీ క్రెడిట్ కార్డు మీద బ్యాంకు వేసే వడ్డీకి 18 శాతం జీఎస్టీ మన నెత్తినే పడుతుంది, చాలా బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజు కూడా వేస్తాయి. పాత స్టేట్‌మెంట్ తీసి చూడండి.

ఇక అత్తగారి సంగతి. "ఈసారి కొనం" అని మొదలుపెడితే గొడవే. బీరువా తెరిచి, ఆవిడ పాత పట్టుచీర ఒకటి పాపకి పరికిణీ కుట్టిద్దామా అని అడిగి చూడండి. మడతల దగ్గర పట్టు చీలిందేమో వెలుతురుకి పెట్టి చూసి, ఆ ముక్క వదిలేసి, అంచు కిందికి వచ్చేలా కత్తిరించి, లోపల మెత్తటి కాటన్ లైనింగ్ వేయమనండి. పైన రెండు టక్కులు పెట్టిస్తే పాప పొడుగైనప్పుడు విప్పుకోవచ్చు. పమిట కొంగు జాకెట్టుకి సరిపోతుంది.

బట్టలు పెట్టడం పెద్దవాళ్ల వరకే ఉంచండి, మంగళగిరి నేత చీరో పంచో. మిగతావాళ్లకి సున్నుండలు స్టీలు డబ్బాలో పంపండి, ఆ డబ్బా ఎలాగూ ఇంకేదో నింపుకుని తిరిగొస్తుంది. మరిదిగారు మూతి ముడిస్తే ముడవనివ్వండి, ఈఎంఐ ఆయన కట్టరు కదా!