ఫిర్యాదు సంఖ్య తీసుకోకుండా ఫోను పెట్టేయకమ్మా

తార్నాక, హైదరాబాద్.

చి. ల. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి నీతో మాట్లాడిన తర్వాత నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆరు నెలల చందా ముందుగానే కట్టించుకుని, పదకొండు రోజులుగా ఇంటర్నెట్ ఇవ్వకపోగా, మధ్యలో రెండుసార్లు సమస్య పరిష్కారమైందని సందేశం పంపారంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నీ కోపం న్యాయమైనదే. అయితే ఇన్ని రోజుల్లో ఎన్నిసార్లు ఫోను చేశావో చెప్పగలిగావు గానీ, ఒక్క ఫిర్యాదు సంఖ్య కూడా చెప్పలేకపోయావు. నన్ను కలవరపెట్టింది అదే.

2022లో నేను ఈ ఇంటికి మారినప్పుడు ఇటువంటిదే అనుభవించాను. ఏడాది చందా కట్టి నాలుగు నెలలే వాడుకున్నాను. కొత్త చిరునామాకు లైను మారుస్తామని ముందు ఒప్పుకుని, తీరా మారాక ఇక్కడ తమ కేబుల్ లేదన్నారు. మిగిలిన ఎనిమిది నెలల డబ్బు అడిగితే మూడు నెలల పాటు ఫోను మీద తిప్పారు. చేసిన ప్రతిసారీ కొత్త గొంతు పలికేది, నేను కథంతా మొదటి నుంచి చెప్పుకునేవాణ్ణి. చివరికి తెలిసిన వకీలును కలిస్తే ఆయన కాగితాలేవని అడిగారు. నా దగ్గర డబ్బు కట్టిన రసీదు తప్ప ఏమీ లేదు. కంపెనీ లెక్కలో మాత్రం నా ఫిర్యాదులన్నీ పరిష్కారమై మూసివేసి ఉన్నాయి. మనం ఎంత అరిచినా మన మాట గాలిలో పోతుంది, వాళ్లు రాసుకున్నది మాత్రం నిలిచి ఉంటుంది. అందుకే మన వైపు నుంచి కూడా ఒక రాత ఉండాలని నాకు అప్పుడు తెలిసింది.

ఇక నీ సంగతికి వస్తాను. ముందుగా ఇంట్లో ఉన్న ఇంటర్నెట్ పెట్టెను చూడు. దాని మీద ఎల్ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్ర దీపం వెలుగుతుంటే, బయటి నుంచి ఫైబర్ సంకేతం రావడం లేదని అర్థం. రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం ఉండదు. ఆ దీపాన్ని తేదీ, సమయం తెలిసేలా ఫోటో తీసి పెట్టుకో. లైను వచ్చాక వేగం చాలడం లేదనిపిస్తే వైఫై మీద పరీక్షించి ఫిర్యాదు చేయవద్దు. మీ ఇంటి గోడల వల్లనే వేగం తగ్గిందని వాళ్లు సులభంగా తప్పించుకుంటారు. ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా రౌటర్‌కు కలిపి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు వేళల్లో, వరుసగా మూడు రోజులు పరీక్షించి స్క్రీన్‌షాట్లు దాచు. ఇంకొక సంగతి, ప్రకటనలో 100 ఎంబీపీఎస్ అని చెప్పేది మెగాబిట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, ఫైలు దిగేటప్పుడు సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు కనిపిస్తే అది మోసం కాదు.

ఇప్పటి నుంచి ఫోను చేసిన ప్రతిసారీ ఫిర్యాదు సంఖ్య అడిగి, ఒక నోటు పుస్తకంలో తేదీ, సమయం, మాట్లాడినవారి పేరు, వారు ఇచ్చిన గడువు రాసుకో. సంఖ్య ఇవ్వడం వాళ్లు చేసే ఉపకారం కాదు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల నిబంధనల ప్రకారం ఇచ్చి తీరాలి. అదే రోజు అదే విషయాన్ని ఈమెయిల్‌లో కూడా పంపు. ఈమెయిల్‌లో నీ బాధను వర్ణించవలసిన పని లేదు. ఖాతా సంఖ్య, కట్టిన మొత్తం, ఏ తేదీ ఎన్ని గంటల నుంచి సేవ ఆగింది, ఏ సంఖ్యలతో ఫిర్యాదు చేశావు, వాటిని పని జరగకుండానే ఏ తేదీన మూసివేశారు, నీకు ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి అన్నవి ఉంటే చాలు. చివరి రెండూ చాలామంది మరచిపోతారు. లైను బాగుచేయమని అడుగుతున్నావా, ఆగిన రోజులను చందాలో కలపమంటున్నావా, లేక కనెక్షన్ రద్దు చేసి మిగిలిన డబ్బు ఇమ్మంటున్నావా అనేది నువ్వే తేల్చుకుని స్పష్టంగా రాయాలి. కనెక్షన్ అల్లుడి పేరు మీద ఉంటే అతని ఈమెయిల్ నుంచే పంపండి.

లైన్‌మన్ వచ్చినప్పుడు మరొక జాగ్రత్త అవసరం. పని మొదలుపెట్టకముందే, మీ ఫోనుకు ఓటీపీ వస్తుంది చెప్పండి మేడమ్ అని అడుగుతారు. ఆ ఓటీపీ చెప్పిన క్షణంలో నీ ఫిర్యాదు మూతపడుతుంది. నీకు వచ్చిన రెండు సందేశాలూ అలా వచ్చినవే అయి ఉండవచ్చు. పెట్టె మీద ఎర్ర దీపం ఆరి, నీ ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ పనిచేయడం నీ కళ్లతో చూసిన తర్వాతనే చెప్పు. ఆ అబ్బాయితో మాత్రం గొడవ పడకు. వానలో స్తంభం ఎక్కేది అతనే గాని, నీ డబ్బు తిరిగి ఇవ్వాలా వద్దా అని నిర్ణయించేది అతను కాదు. కాసిని మంచినీళ్లిచ్చి, లోపం ఎక్కడుందని అడిగితే, కస్టమర్ కేర్ చెప్పని నిజం అతనే చెబుతాడు.

స్తంభాల విషయంలో మన నగరపు ఇబ్బంది ఒకటి ఉన్నమాట నిజమే. 2025 ఆగస్టులో మీ అంబర్‌పేటకు పక్కనే ఉన్న రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి కొందరు ప్రాణాలు కోల్పోయాక, విద్యుత్ సంస్థ స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను కత్తిరించింది. మనుషుల ప్రాణాలతో పోలిస్తే ఇంటర్నెట్ ఆగడం పెద్ద విషయం కాదు. కానీ కారణం ఎవరిదైనా, సేవ అందని రోజులకు సర్దుబాటు అడగడం తప్పు కాదు. అలాగే వీధిలో లైను చూసే కేబుల్ ఆపరేటర్, కంపెనీ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటే ఆ వాదంలోకి వెళ్లకు. బిల్లు ఎవరి పేరుతో వచ్చిందో జవాబు చెప్పవలసింది వారే.

గడువు దాటినా కదలిక లేకపోతే, ఆ కంపెనీలోనే అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు పంపు. దానికి రుసుము లేదు. ఫిర్యాదు పరిష్కారానికి ఉన్న గడువు ముగిసిన 30 రోజుల్లోగా పంపాలి, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. నేను మళ్లీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఈ మెట్టు దాకా వచ్చాకనే నా ఎనిమిది నెలల డబ్బు తిరిగి వచ్చింది. ట్రాయ్‌కు రాయమని ఎవరైనా చెబితే ఆ పని పెట్టుకోకు, ఒక్కొక్క వినియోగదారుడి ఫిర్యాదును ట్రాయ్ విచారించదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు.

అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం తగాదాలు కమిషన్ ముందుకు రాకూడదని కంపెనీలు చాలా కాలం వాదించాయి. 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నువ్వు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ల వరకు గడువు ఉంది. నీ నోటు పుస్తకం, ఈమెయిళ్లు, ఫోటోలు అక్కడ నీ తరఫున మాట్లాడతాయి.

రద్దు చేసుకోవాలనే నిర్ణయించుకుంటే, ముందు యూపీఐలో పెట్టిన ఆటోపే ఆపు. రౌటర్ అప్పగించినప్పుడు రసీదు తీసుకోకుండా వదలకు. పెట్టె తిరిగి ఇవ్వలేదని నెలల తర్వాత డబ్బు అడిగిన సందర్భాలు నాకు తెలుసు. కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకవద్దు, బిల్లు మీద ఉన్నదానికే చెయ్యి. డబ్బు వాపసు చేస్తామంటూ ఫోనులో ఏదైనా యాప్ వేయించుకోమంటే వెంటనే ఫోను పెట్టేయి. అటువంటి మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

ఆదివారం ఉదయం బిల్లులు, డబ్బు కట్టిన రసీదు, ఆ రెండు సందేశాలు ఉన్న ఫోను తీసుకుని ఇద్దరూ రండి. ఈమెయిల్ ఇక్కడే కూర్చుని రాద్దాం. మీ పెద్దమ్మ భోజనానికి ఉండిపొమ్మని మరీ మరీ చెబుతోంది.

ఇట్లు,
మీ పెదనాన్న