ముందు ఎర్తు చూశారా?

మీ ప్రశ్న ఇది: కారు కింద నీళ్లు కారుతున్నాయి, పొద్దున పూట ఒక్కోసారి స్టార్ట్ కావడం లేదు, గ్యారేజీకి వెళ్లేముందు ఇంట్లోనే ఎలా కనిపెట్టాలి, ఏమేం సామాన్లు కొనాలి?

నీళ్ల సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. రాత్రి బండి నిలిపాక కింద ఒక అట్టముక్క పరవండి. డ్రైవర్ పక్క సీటులో కూర్చునేవాళ్ల కాళ్ల కిందుగా, రంగూ జిగురూ లేని నీళ్లు పడితే అవి ఏసీవి. దానికి వైద్యం అక్కర్లేదు. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉండి వేలికి జిగురు తగిలితే అది కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అప్పుడు ఊరుకోకూడదు. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తిప్పకండి.

స్టార్టింగ్ సంగతి వేరు. దాని మీద నాకు పాత పగ ఉంది.

నేను మెకానిక్‌ని కాను, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. రామమూర్తినగర్‌లో ఉంటాం, సొంతూరు మదనపల్లె వైపు. నాన్న బోరు మోటార్లు రిపేరు చేసేవాడు. నా బండి 2014 నాటి పెట్రోల్ కారు, చిన్నది. 2022 సెప్టెంబర్ వానలకు అవుటర్ రింగ్ రోడ్డు చెరువైపోయింది గుర్తుందా? ఆ వారంలో ఒక సాయంత్రం బెళ్లందూరు దగ్గర మోకాలి లోతు నీళ్లలో అరగంట పాటు ఇంచు ఇంచు జరుపుకుంటూ వచ్చాను. ఇంటికి చేరింది కదా, ఇక భయం లేదనుకున్నాను.

నవంబర్‌లో మొదలైంది. కీ తిప్పితే ఇంజన్ ‘గుర్... గుర్...’ అని ఆయాసంతో తిరిగేది. గ్యారేజీ వాళ్లు ‘బ్యాటరీ అయిపోయింది సార్’ అన్నారు. 5,200 పెట్టి కొత్తది వేయించాను. పది రోజులు బాగుంది, మళ్లీ అదే పాట. ఈసారి ‘స్టార్టర్ మోటార్ సార్, 9,800’ అన్నారు, అంటే కీ తిప్పగానే ఇంజన్‌ను తిప్పి లేపే మోటారు. అప్పుడప్పుడూ బానెట్ లోంచి రబ్బరు కాలిన వాసన వస్తోందని చెబితే, ‘అది క్లచ్ ప్లేట్ సార్, అదీ ఇదీ కలిపి చేయిద్దాం’ అన్నారు. ఒక్కడైనా మీటర్ తీసి పెట్టి చూడలేదు. రక్తపరీక్ష కూడా చేయకుండా ఆపరేషన్‌కు రాసిచ్చే డాక్టర్ దగ్గరికి మనం వెళ్తామా? కారు విషయానికొస్తే మాత్రం తలూపి డబ్బు కట్టేస్తాం. డబ్బు లేక నేను సంక్రాంతి తర్వాత చూద్దామన్నాను. ఆ లేమే నన్ను కాపాడింది.

2023 భోగి ముందురోజు, పొద్దున అయిదున్నర. సామానంతా డిక్కీలో సర్దేశాం, పిల్లలు వెనక సీట్లో సగం నిద్రలో ఉన్నారు. కీ తిప్పితే ‘టక్’. మళ్లీ ‘టక్’. అంతే. మా ఆవిడ ‘బస్సులో పోదాం పదండి’ అంది. పండగ ముందురోజు ప్రైవేటు బస్సుల రేట్లు మీకు తెలియనివా? నలుగురి టిక్కెట్ల డబ్బుతో ఒక టైరు వస్తుంది.

నాన్నకు ఫోన్ చేశాను. ఆయనకు కారు నడపడం రాదు. విషయం మొత్తం విని ఒకే మాట అడిగాడు: “ఎర్తు చూసినావా రా?”

ఎర్తు అంటే కరెంటు ఇంజన్ నుంచి బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వచ్చే దారి. చూశాను నాన్నా అన్నాను. నిజంగానే చూశాను, వారం కిందటే. ఎస్పీ రోడ్డులో 450 రూపాయలకు కొన్న మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి, బ్యాటరీ నెగటివ్‌కు ఒక కొస, ఇంజన్‌కు ఒక కొస తగిలిస్తే ‘బీప్’ అంది. ఎర్తు బ్రహ్మాండంగా ఉందని నమ్మాను.

“బీప్ అంటే ఏముంది రా, వైరులో ఒక్క పోగు బతికున్నా అంటాది. మోటారు లోడు మీద చూడాల.”

నేను ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు చదివిన ఓమ్ సూత్రం ఆ సెల్లార్‌లో నిలబడి ఉండగా అర్థమైంది. స్టార్టర్ మోటార్ తిరిగేటప్పుడు వంద ఆంపియర్లకు పైనే లాగుతుంది. దారిలో ఎక్కడైనా 0.05 ఓమ్ అడ్డం ఉందనుకోండి, వంద ఆంపియర్లకు అయిదు వోల్టులు అక్కడే మింగేస్తుంది. మల్టీమీటర్ బీప్‌కు ఆ 0.05 కనిపించనే కనిపించదు. అది పంపే కరెంటు చీమంత.

సరే, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, మా ఆవిడను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. ముందు హెడ్‌లైట్లు వేయించి ‘తిప్పు’ అన్నాను. ‘టక్’ అంది, గోడ మీద వెలుగు మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు. బ్యాటరీ నీరసంగా ఉంటే కీ తిప్పగానే లైట్లు ఒత్తి తగ్గించిన దీపంలా అయిపోవాలి. అంటే బ్యాటరీ నిర్దోషి. పాత బ్యాటరీ కూడా నిర్దోషేనేమో, పాపం. దాన్ని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశాను.

తర్వాత మీటర్‌ను డీసీ వోల్టులకు మార్చాను. ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ మీద 12.6. ఇక అసలు పరీక్ష. ఒక కొస బ్యాటరీ నెగటివ్ మొన మీద, రెండోది ఇంజన్ మీద ఉన్న శుభ్రమైన బోల్టు మీద పెట్టి ‘తిప్పు’ అన్నాను. అక్కడ దాదాపు సున్నా రావాలి, అర వోల్టు దాటితే కచ్చితంగా అనుమానించాలి. నాకు 5.1 వచ్చింది. ఇంజన్ మీది కొసను తీసి బాడీ మీద పెట్టి చూశాను, 0.1. బ్యాటరీ నుంచి బాడీ దాకా దారి బాగుంది, బాడీ నుంచి ఇంజన్‌కు పోయే దారే తెగింది. నేరం జరిగిన చోటు దొరికింది.

రుజువు కావాలి కదా. ఒక బండి బ్యాటరీ నుంచి ఇంకో బండికి కరెంటు ఇచ్చే లావు వైరు, అదే జంపర్ కేబుల్, ఒకటి తీసి బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా ఇంజన్‌ను ఎత్తే కొక్కేనికి తగిలించాను. కీ తిప్పగానే బండి ఒక్క దెబ్బకు లేచింది. మా ఆవిడ హారన్ కొట్టింది. ఆ హారన్‌కే అసోసియేషన్ సెక్రటరీ మరుసటి వారం నోటీసు పెట్టాడు: ‘బేస్‌మెంట్‌లో వాహనాల మరమ్మతులు నిషేధం’. ఆయన కారు ఏడాదిగా అక్కడే దుమ్ము కొట్టుకుపోయి ఉంది, దాని మీద మాత్రం ఏ నోటీసూ లేదు.

బ్యాటరీ ట్రే విప్పితే గేర్‌బాక్స్‌కూ బాడీకీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి కనిపించింది. పైకి బాగానే ఉంది. బోల్టు దగ్గర వేలితో నొక్కితే పొడి రాలింది. లోపలంతా చిలుం, అటక మీద మరిచిపోయిన ఇత్తడి చెంబులా పచ్చగా. నాలుగైదు పోగులు మాత్రం మిగిలాయి. సెప్టెంబర్ నీళ్లు నాలుగు నెలలు కూర్చుని తినేశాయన్నమాట.

క్లచ్ వాసన కథ కూడా అక్కడే తేలింది. ఇంజన్‌కు ఎర్తు దారి మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, లోహం దొరికిన చోటల్లా దూరి వెనక్కి పోతుంది. నా బండిలో దానికి క్లచ్ కేబుల్ దొరికింది. పొద్దున అన్నిసార్లు కీ తిప్పాక ఆ కేబుల్‌ను ముట్టుకుంటే టీ గ్లాసంత వేడి. దాని పైతొడుగే ఇన్నాళ్లూ కమురుతోంది. క్లచ్ ప్లేట్‌కు ఏ పాపమూ తెలియదు.

స్కూటర్ మీద జేసీ రోడ్డుకు వెళ్లి, షాపులు తెరిచేదాకా ఒక ఇడ్లీ ప్లేటు, రెండు కాఫీలు అయ్యాక 180 రూపాయలకు పట్టీ కొన్నాను. బాడీ మీద బోల్టు కూర్చునే చోట రంగూ తుప్పూ పోయేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగించాను. మళ్లీ పరీక్ష పెడితే 0.15 వోల్టులు. రెండింటికి బయల్దేరి హొస్కోట, చింతామణి మీదుగా చీకటి పడేలోపు ఊరు చేరాం.

కాబట్టి సామాన్ల విషయంలో నా మాట: ఒక మామూలు మల్టీమీటర్, ఒక జత మంచి జంపర్ కేబుళ్లు, టార్చి, పాత టూత్‌బ్రష్. టెర్మినళ్ల మీద తెల్ల పొడి పేరుకుంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి ఆ బ్రష్‌తో తోమండి, ఒక్కోసారి కష్టం అక్కడే తీరిపోతుంది. స్టీరింగ్ కింద గుచ్చితే బండిలోని కంప్యూటర్ రాసుకున్న తప్పుల కోడ్‌లు చదివే బ్లూటూత్ స్కానర్ గురించి ఎవరో ఒకరు కచ్చితంగా చెబుతారు. నా దగ్గరా ఉంది. అది ఏ విభాగం ఏడుస్తోందో చెబుతుంది, ఎందుకు ఏడుస్తోందో చెప్పదు. మా కొలీగ్ ఒకడు స్కానర్‌లో ‘మిశ్రమంలో పెట్రోల్ తక్కువ’ అని కోడ్ వచ్చిందని ఆక్సిజన్ సెన్సర్ మార్చాడు. చివరికి చూస్తే గాలి గొట్టానికి చీలిక. ఈ ఎర్తు రోగానికి నా బండిలో ఒక్క కోడ్ కూడా రాలేదు. బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు మాత్రం నేను ముట్టుకోను, మీరూ ముట్టుకోకండి.

ఆ చిలుం పట్టిన పట్టీని గ్యారేజీ వాళ్ల మొహాన చూపిద్దామని ఊరికి కూడా డిక్కీలో వేసుకుపోయాను. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “చెప్తినా లేదా” అన్నాడు. కనుమ నాడు బయల్దేరేటప్పుడు వెతికితే కనిపించలేదు. పాత వైండింగ్ వైర్లు దాచుకునే ఆయన డబ్బాలో చేరిపోయింది. అడిగితే, “రాగి కిలో ఎంతుందో తెలుసా రా నీకు?” అన్నాడు.