‘ఆయ్’ అంటే ఒప్పుకున్నట్టు కాదు

ప్రశ్న: అక్కా, మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. కాకినాడలో డిగ్రీ పూర్తి చేశాను. ఇంగ్లండులో సామాజిక న్యాయం, నేర న్యాయం కలిపి చెప్పే ఎం.ఏ.లో సీటు వచ్చింది. రెండు రొయ్యల చెరువుల మీద అప్పు తెచ్చి పంపాలి. ఆ చదువుతో ఏం ఉద్యోగం వస్తుందని నాన్నగారు అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియడం లేదు. వెళ్లమంటారా?

జవాబు:

చెల్లీ, మీ నాన్నగారు అడిగింది అడగవలసిన ప్రశ్నే. కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిన రాత్రి చెరువు గట్టు మీద నిలబడ్డ మనిషి ప్రతి రూపాయికీ లెక్క అడుగుతాడు. మాది రాజోలు వైపు. నేను ఇదే చదువు కోసం 2004లో ఇక్కడికి వచ్చాను. అందుకే ముందు ఉద్యోగం సంగతే చెబుతాను.

ఇది లా డిగ్రీ కాదు. ఇది చదివి కోర్టులో వాదించలేవు, ఇక్కడా, మన దగ్గరా. పోలీసు ఉద్యోగం వస్తుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పి ఉంటే నమ్మకు. ఇంగ్లండులో కానిస్టేబులుగా చేరాలంటే భారతీయులకు ముందు స్థిర నివాస అనుమతి ఉండాలి. చదువు వీసా మీద వచ్చినవారికి అది ఏళ్ల తరబడి దూరం. చదువయ్యాక ఉండి పని వెతుక్కునే గడువు కూడా తగ్గుతోంది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే ఎం.ఏ. వాళ్లకు ఇచ్చేది రెండేళ్లు కాదు, 18 నెలలే. ఆ తర్వాత ఉద్యోగ వీసాకు మారాలంటే 2025 జులై నుంచి సాధారణ జీతం హద్దు ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా చదువు ముగించినవారికి కొంత సడలింపు ఉన్నా, బాధితులకు, ఖైదీల కుటుంబాలకు సాయం చేసే సంస్థలు మొదట్లో అంత జీతం ఇవ్వలేవు. అమెరికా అయితే మేలు కదా అంటావేమో. అక్కడ నేర న్యాయం చదివినవారికి చదువు తర్వాత పని అనుమతి 12 నెలలే. సైన్సు, ఇంజనీరింగు వాళ్లకు దొరికే మరో 24 నెలలు దీనికి ఉండవు.

కాబట్టి అప్పు మొత్తం ఇక్కడి జీతంతోనే తీర్చాలన్న లెక్క వేసుకుని వస్తే రావద్దు. ఈ మాట కఠినంగా ఉందని తెలుసు. అప్పు పుట్టాక చెప్పేకంటే ఇప్పుడే చెప్పడం మంచిది.

ఇక చదువు సంగతి. తప్పు అంటే ఏమిటి, దాన్ని నేరం అని ఎవరు నిర్ణయించారు, శిక్ష ఎందుకు వేస్తాం, ఎవరికి ఎక్కువ పడుతుంది అన్నవి ఇందులో అడుగుతారు. పదేళ్ల పిల్లవాడిని ఇంగ్లండులో నేరస్థుడిగా విచారించవచ్చు. పక్కనే ఉన్న స్కాట్లండులో ఆ వయసు పన్నెండు. మన చట్టంలో ఏడేళ్లలోపు పిల్లలు చేసిన పని నేరమే కాదు. ఒకే వయసు పిల్లవాడు, మూడు చోట్ల మూడు సమాధానాలు. ఎందుకో చెప్పమని మొదటి వారమే వ్యాసం రాయిస్తారు. ఇక్కడ జైలుకు బదులు 40 నుంచి 300 గంటల వరకు జీతం లేని సమాజ సేవ చేయమని తీర్పు ఇవ్వవచ్చు. 2024 జులై 1న మన కొత్త నేర చట్టం, భారతీయ న్యాయ సంహిత, అమల్లోకి వచ్చినప్పుడు చిన్న నేరాలు కొన్నింటికి సమాజ సేవను శిక్షగా చేర్చారు. అది మన దగ్గర ఎలా నడుస్తుంది, పంచాయతీ కాలువ పూడిక తీయించేది ఎవరి చేత, పర్యవేక్షించేది ఎవరు? నీకు పనికొచ్చే పరిశోధన ఇలాంటి చోటే ఉంది.

మీ ఊరికి ఎంతో దూరం లేని వెంకటాయపాలెం గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడుగు. 1996 డిసెంబరు 29న అక్కడ దళిత యువకులను హింసించి, వారిలో ఇద్దరికి శిరోముండనం చేశారు. తీర్పు వచ్చింది 2024 ఏప్రిల్ 16న. పద్దెనిమిది నెలల శిక్ష వేయడానికి ఇరవై ఏడేళ్లకు పైగా పట్టింది. ఆ ఇరవై ఏడేళ్లలో బాధితుల ఇళ్లలో ఏం జరిగింది, సాక్షులు ఎలా బతికారు అన్నది తీర్పు కాగితంలో దొరకదు. సామాజిక న్యాయం అన్న పేరు ఈ చదువు పక్కన ఎందుకు ఉందో నాకు ఆ కేసుతోనే అర్థమైంది.

నేను ఇప్పుడు చేసేది అనువాదకురాలి పని. పోలీసు విచారణల్లో, కోర్టుల్లో తెలుగువారి మాటను ఇంగ్లీషులో, ఇంగ్లీషును తెలుగులో చెబుతాను. కేసుల వివరాలు బయట పెట్టకూడదు. ఒక్క మాట గురించి మాత్రం చెబుతాను, ఎందుకంటే అది మన గోదావరి మాట.

చిన్న గది. బల్ల మీద రికార్డరు, పక్కన కాగితపు రుమాళ్ల డబ్బా. మన లంక ఊళ్ల నుంచి వచ్చిన కుర్రవాడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రాత్రి దుకాణం మూసింది నువ్వే, తాళాలు నీ దగ్గరే ఉన్నాయి, డబ్బు తీసింది కూడా నువ్వే కదా అని అధికారి ఒకే ఊపులో అడిగాడు. నేను తెలుగులో ఒక్కో ముక్క చెబుతుంటే కుర్రవాడు ఒక్కో ముక్కకీ తల ఊపి ‘ఆయ్’ అన్నాడు. మూడోదానికీ ‘ఆయ్’ అన్నాడు. ఉత్తర ఇంగ్లండులో కూడా అవును అనడానికి ‘ఆయ్’ అనే అంటారు! అధికారి నా అనువాదం కోసం ఆగలేదు. కలం కాగితం మీదికి వెళ్లింది.

నేను చెయ్యెత్తి, అనువాదకురాలు వివరణ ఇవ్వాలని రికార్డరుకు వినపడేలా చెప్పాను. మా జిల్లాల్లో పెద్దవారు మాట్లాడుతుంటే ‘ఆయ్’ అంటారని, వింటున్నానండి అని చెప్పడానికి కూడా ఆ మాటే వాడతారని, ఇక్కడ అది ఏ అర్థంలో వచ్చిందో అతన్నే అడగాలని చెప్పాను. అధికారి మంచివాడే. ప్రశ్నను మూడుగా విడగొట్టి మళ్లీ అడిగాడు. మూడో ప్రశ్నకు కుర్రవాడు తల ఎత్తి ‘లేదండి, నేను తియ్యలేదు’ అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ గదిలో నా చోట మరో ప్రాంతపు మనిషి ఉంటే ఏమయ్యేదన్నదే ఆలోచన. ఈ చదువుకు నువ్వు తెచ్చే పెట్టుబడి చెరువుల మీద తెచ్చిన డబ్బు మాత్రమే కాదు చెల్లీ, నీ ఊరి మాట, ఊరి మర్యాద, ఊళ్లో నీకు సమాధానం దొరకని ప్రశ్న కూడా. మీ వీధిలోనే కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లి జీతం అందక తిరిగొచ్చిన ఆడవాళ్లు ఉండే ఉంటారు. పది పాసవని మహిళ ఆ పనికి వెళ్లాలంటే ముప్ఫై ఏళ్లు నిండాలని మన నిబంధన. దాన్ని ఏజెంట్లు ఎలా దాటిస్తున్నారు, మోసపోయిన మనిషి ఏ స్టేషను మెట్లు ఎక్కాలి? అలాంటి ప్రశ్న నిన్ను నిద్రపోనివ్వకపోతే రా. ఆ పని మన దగ్గరే చేయవలసి ఉంది, తిరిగి వెళ్లి చేసినా చదువు వృథా కాదు. అలాంటి ప్రశ్నేదీ లేకపోతే ఆ చెరువులను అప్పులోకి దించవద్దు.

వచ్చేటట్టయితే ఇవి చూసుకో. పాస్‌పోర్టు కార్యాలయం నుంచి పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ బయలుదేరే ముందే తీసుకో. పిల్లలతో, బాధితులతో పనిచేసే ఏ సంస్థ అయినా అడుగుతుంది, ఇక్కడి నుంచి తెప్పించుకోవడం ప్రయాస. వీసాకు చూపించే డబ్బు ఖాతాలో 28 రోజులు కదలకుండా ఉండాలి. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. జీతం లేకపోయినా, ఒప్పందం మీద ఉద్యోగిలా చేసే పని ఆ 20 గంటల్లోకే వస్తుంది. కేవలం స్వచ్ఛందంగా చేసే సేవ రాదు. ఈ రెండింటి తేడా తెలియక మంచి పిల్లలు చిక్కుల్లో పడ్డారు. ఏ సంస్థలో చేరే ముందైనా విశ్వవిద్యాలయం వీసా సలహాదారును రాతపూర్వకంగా అడుగు. వ్యాసాల్లో ఇతరుల వాక్యం ఒక్కటి చెప్పకుండా వాడినా ఇక్కడ తప్పే. మన కాలేజీ నోట్సు అలవాటు మొదటి నెలలోనే మానుకోవాలి.

దిగిన వారంలో ఒక పొద్దున దగ్గరి మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లు. టికెట్టు లేదు, అనుమతి అక్కరలేదు. సంచి వెతుకుతారు, ఫోను ఆపేయాలి. ఈ దేశపు నేర కేసుల్లో నూటికి తొంభైకి పైగా అక్కడే తేలిపోతాయి. ఎదురుగా కూర్చుని తీర్పు చెప్పే ముగ్గురు మేజిస్ట్రేట్లూ చాలాసార్లు న్యాయశాస్త్రం చదివినవారు కాదు, జీతం లేకుండా వచ్చిన మామూలు మనుషులు. వెనక బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చో. ఎవరిని ఎన్ని నిమిషాలు విన్నారో రాసుకుని, ఆ కాగితం ఫొటో నాకు పంపు.