ఆటోఇమ్యూన్ బొబ్బలకి యాంటీబయాటిక్ ఎందుకు రాస్తారంటే

మీ నాన్నగారికి బుల్లస్ పెంఫిగాయిడ్ అనే బొబ్బల జబ్బని తేల్చి, ఇన్ఫెక్షన్ కాదు, ఆటోఇమ్యూన్ అని చెప్పిన డాక్టరే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాశారు, ఇదేం లెక్క అని అడిగారు కదా. లెక్క సరైనదేనండి. మా పెద్దమ్మకీ అదే రాశారు.

పెద్దమ్మది పలాస. వయసులో ఉండగా జీడిపిక్కలు కొట్టిన మనిషి, అందుకని బొబ్బలు చూడగానే అందరూ జీడి సొనే అనేశారు, పక్కింటావిడ అయితే అమ్మవారని వేపాకు కూడా తెచ్చింది. సొన తగిలితే చేతులు కాలాలి గానీ పొట్ట మీద, తొడల మీద చింతపిక్కలంత బొబ్బలు, వేలితో నొక్కినా చితకనంత బిగుతుగా, ఎందుకొస్తాయి? పైగా అంతకుముందు నెలల తరబడి ఒకటే దురద. శ్రీకాకుళంలో స్కిన్ డాక్టరు బయాప్సీ ముక్క విశాఖ పంపించాక తేలింది. మన ఒంట్లోని యాంటీబాడీలే పైచర్మాన్ని కింది పొరకి పట్టి ఉంచే ప్రోటీన్ల మీద పడతాయి, పొర ఊడి మధ్యలో నీరు చేరుతుంది. డాక్సీసైక్లిన్ ఇక్కడ క్రిముల్ని చంపడానికి కాదు, ఆ మంటని, వాపుని అణచడానికి.

స్టెరాయిడ్ మాత్రలు ఇంకా గట్టిగా పనిచేస్తాయి, అది నిజమే. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్, జర్మనీ ట్రయల్‌లో ఆరు వారాలకి బొబ్బలు అదుపులోకి వచ్చింది ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్‌తో 91 శాతం మందికి, డాక్సీసైక్లిన్‌తో 74 శాతానికి. కానీ ఏడాదిలో మందు వల్ల తీవ్రంగా ఇబ్బంది పడింది స్టెరాయిడ్ వాళ్లలో 36 శాతం, డాక్సీసైక్లిన్ వాళ్లలో 18. షుగరున్న ముసలివాళ్లకి నా ఓటు రెండో అంకెకే. పెద్దమ్మకి పైపూతగా స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కూడా ఇచ్చారు, తగ్గడానికి వారాలు పట్టింది, టెన్షన్ పడకండి.

మాత్ర నిండు గ్లాసు నీళ్లతో కూర్చుని వేయించండి, వేసుకున్న వెంటనే పడుకుంటే గొంతులో పుండు పడుతుంది. పాలు, ఐరన్ మాత్రలు, గ్యాస్ సిరప్ దానితో కలపొద్దు, ఎండలో తిరగనివ్వొద్దు. మీది ఉద్దానం వైపన్నారు కాబట్టి చెబుతున్నా, దీనికి మామూలుగా కిడ్నీ కోసం డోసు తగ్గించక్కర్లేదు, అయినా క్రియాటినిన్ రిపోర్టు డాక్టరుకి చూపించండి.

చర్మం క్యాన్సర్‌కీ యాంటీబయాటిక్ ఇస్తారట అన్నారు, అది మైకోసిస్ ఫంగాయిడిస్ లాంటి చర్మపు లింఫోమా సంగతి. అక్కడ స్టాఫ్ అనే క్రిమి చేరి, దాని విషాలు జబ్బుని రెచ్చగొడతాయి, కాబట్టి నిజంగానే క్రిమిని చంపడానికే ఇస్తారు. క్యాన్సర్ వైద్యానికి అది తోడు మాత్రమే, బదులు కాదు.

ఇంకోటి, మీ నాన్నగారు షుగరుకి విల్డాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్ లాంటివి వాడుతున్నారేమో స్ట్రిప్ తిప్పి చూడండి, ఈ జబ్బు కొందరికి వాటివల్లే మొదలవుతుంది. మా పెద్దమ్మకి ఆ మాత్ర మార్చేశారు. మీ అంతట మీరు ఆపేయకుండా స్ట్రిప్ పట్టుకెళ్లి డాక్టరునే అడగండి.