ప్రశ్నలు – జవాబులు: ప్రభుత్వ బడిలో చదువు ఎక్కడ జారిపోయింది?

పోయిన నెల ఈ శీర్షికలో, మూతపడిన ఊరి బడి గురించి అడిగిన ఒక పాఠకుడికి, పిల్లలు తగ్గినందువల్ల చదువు పాడైందా, చదువు పాడైనందువల్ల పిల్లలు తగ్గారా అన్నది ముందు తేల్చుకోవాలని రాశాను. ఆ ఒక్క వాక్యం మీద తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలతోనే ఈసారి చోటంతా నిండిపోయింది. వేరే విషయాలు అడిగినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా ఇంట్లో రోజూ ఇదే వాదన. మా నాన్నగారు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో చదువుకుని బ్యాంకు ఉద్యోగం సంపాదించుకున్నారు. అప్పటి అయ్యవార్లు ప్రాణం పెట్టి చెప్పేవారని, ఇప్పటివాళ్లు జీతం తీసుకుని పాఠం చెప్పరని, చదువు పడిపోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదని ఆయన అంటారు. తప్పంతా ప్రభుత్వానిదని నేనంటాను. మీరు ఎవరి పక్షం?
— ఒక పాఠకుడు, పాకాల

జవాబు: మీ నాన్నగారి మాటను నేను తోసిపుచ్చను. 2003లో దేశంలోని పలు రాష్ట్రాల బడులకు ముందుగా కబురు చెప్పకుండా వెళ్లి చూసిన పరిశోధకులకు, సగటున నలుగురు ఉపాధ్యాయుల్లో ఒకరు బడిలో కనిపించలేదు. ముప్పై నాలుగేళ్లు అదే ఉద్యోగం చేసినవాణ్ణి కనుక, ఆ నాలుగో మనిషి ఎవరో మా స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలిసే ఉండేదని, అడిగేవారే ఉండేవారు కాదని ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

అయితే ఆయన గుర్తుపెట్టుకున్న తరగతి, ఇప్పుడు మనం దానితో పోలుస్తున్న తరగతి ఒకటి కావు. ఆ రోజుల్లో అక్షరాలు పట్టుబడని పిల్లవాడు మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో బడి మానేసి మేకల వెంట వెళ్లిపోయేవాడు. పదో తరగతి దాకా మిగిలినవాళ్లు చదువు వచ్చినవాళ్లే గనుక బడి అంతా బాగున్నట్టు కనిపించేది. వడగట్టిన చెంబులోని నీళ్లు చూసి బావి తేటగా ఉందనుకోవడం లాంటిదే ఇది. మన రాష్ట్రంలో 2003 నుంచి బడిలోనే వండి పెడుతున్న మధ్యాహ్న భోజనం, 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కలిసి, మేకల వెంట వెళ్లాల్సిన ఆ పిల్లవాణ్ణి బడిలో కూర్చోబెట్టాయి. దీన్ని నేను మన తరం చేసిన మంచి పనుల్లో ఒకటిగా లెక్కిస్తాను. కానీ ఇంటి దగ్గర పలక పట్టించేవారు లేని ఆ పిల్లవాడికి ఎలా నేర్పాలో, అందుకు ఎంత సమయం పడుతుందో ఆలోచించకుండానే, ఇంట్లో చదువుకున్నవాళ్లున్న పిల్లల కోసం తయారైన వేగంతోనే పాఠాలు నడిపించాం.

నాకు తోచిన కారణం ఒక్క మాటలో చెప్పమంటే ఇది: చదువు పదో తరగతిలో పాడవడం లేదు, ఒకటి రెండు తరగతుల్లో పాడై పదో తరగతిలో బయటపడుతోంది. నేను చివరిసారి చూసిన ఒక ఇద్దరు టీచర్ల బడిలో నాలుగో తరగతి అమ్మాయి ఒకతె తెలుగు వాచకం తెరిచి, వేలు పెట్టి, గడగడా ఒక పేజీ చదివింది. ఉచ్చారణ చక్కగా ఉంది. తీరా చూస్తే నోరు మూడో వాక్యంలో ఉంటే వేలు ఐదో వాక్యం మీద ఉంది. నేను బొమ్మ మీద అరచెయ్యి పెట్టి, మధ్యలోని 'చెరువు' అనే మాట చూపించి ఇదేమిటమ్మా అంటే, ఆ పిల్ల మొదటి వాక్యం నుంచి మళ్లీ మొదలుపెట్టింది. విని విని పాఠం కంఠతా వచ్చింది గానీ అక్షరం రాలేదు. ఆ పిల్ల ప్రోగ్రెస్ కార్డులో మూడేళ్లుగా మంచి గ్రేడ్లే ఉన్నాయి.

అక్కడి టీచరమ్మ సోమరి కాదు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులన్నిటికీ కలిపి 18 సబ్జెక్టులు, చెప్పేవారు ఇద్దరు. అందులో ఒకరు సెలవు పెట్టినా, పని సర్దుబాటు కింద పక్క ఊరికి వెళ్లినా మిగిలేది ఒక్కరే. అలాంటి రోజున మిగిలినవారు పరీక్షలున్న పెద్ద తరగతుల వైపు మొగ్గుతారు, ఒకటో తరగతి పిల్లలు పలకల మీద గీతలు దిద్దుతూ కూర్చుంటారు. 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని చట్టం చెప్పింది. ఐదు తరగతులకు ఇద్దరు చాలతారా అని మాత్రం అది అడగలేదు.

మీ పక్షానికి వస్తాను. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద ఎత్తున భర్తీ జరిగింది 2025లో, 16,347 పోస్టులకు. ఆ నడుమ రిటైరైనవారి కుర్చీలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. 2022లో జీవో 117 ప్రకారం 3, 4, 5 తరగతులను ఊరి బడి నుంచి తీసి దగ్గరలోని ఉన్నత పాఠశాలల్లో కలిపారు; 2025లో వచ్చిన కొత్త ఉత్తర్వులతో దాన్ని రద్దు చేసి మరో రకం వర్గీకరణ పెట్టారు. మూడేళ్లలో రెండుసార్లు బడి రూపం మారితే, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగాడో గుర్తుపెట్టుకునే టీచరు ఎవరు? ఇక 1980ల్లో నెలకు 398 రూపాయలిచ్చి స్పెషల్ టీచర్లను పెట్టుకున్న రోజుల నుంచి విద్యా వాలంటీర్ల దాకా, తక్కువ జీతంతో తరగతి నడిపించే అలవాటు ఏ ఒక్క పార్టీదీ కాదు. కాబట్టి మీ ఇద్దరిలో ఎవరూ పూర్తిగా గెలవలేదు. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

ప్రశ్న: మా ఆయన ఆటో తోలుతారు, నేను కొండకెళ్లే భక్తులు దిగే లాడ్జిలో పనిచేస్తాను. మా ఇద్దరు పిల్లలకు వచ్చే తల్లికి వందనం డబ్బు, దానికి తోడు అప్పు చేసిన డబ్బు కాన్వెంటు ఫీజుకే పోతున్నాయి. గవర్నమెంటు స్కూల్లో చేర్పించండని టీచర్లు ఇంటికొచ్చి అడిగారు. కాన్వెంటులో చదువు నిజంగా మేలేనా?
— ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే వెతికిన జవాబు ఒకటుంది. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, మరొక పరిశోధకుడు కలిసి, ప్రభుత్వ బడిలో చదివే పిల్లల్లో కొందరిని లాటరీ తీసి ఎంపికచేసి, ఫీజు కట్టి ప్రైవేటు బడుల్లో చేర్పించారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే, తెలుగులోనూ లెక్కల్లోనూ వాళ్లకూ, ప్రభుత్వ బడిలోనే ఉండిపోయినవాళ్లకూ తేడా లేదు. ప్రాథమిక ప్రభుత్వ బడిలో చెప్పని హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. 2015లో ప్రచురితమైన ఈ ఫలితాన్ని ప్రభుత్వ టీచర్ల సంఘాలవారు ఉత్సాహంగా చెబుతుంటారు. అదే అధ్యయనంలోని రెండో సగం చెప్పరు: ఆ ప్రైవేటు బడులు ఒక్కొక్క పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు ప్రభుత్వం పెట్టినదానిలో మూడో వంతు కూడా లేదు, పైగా తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి మరీ ఆ ఫలితం తెచ్చాయి.

మీలాంటివారి పిల్లలు వెళ్లిపోవడంతో ఊరి బడికి కలిగిన నష్టం వేరే ఉంది. టైకట్టుకుని పసుపు బస్సెక్కే పిల్లల తల్లిదండ్రులే ఒకప్పుడు హెడ్మాస్టరు దగ్గరికొచ్చి గొడవపడేవారు. మెరికల్లాంటి పిల్లలను గురుకులాలకు, నవోదయకు మేమే దగ్గరుండి దరఖాస్తు పెట్టించి పంపాం. మిగిలిన పిల్లల తల్లిదండ్రులు కూలి మానుకుని వచ్చి అడగలేరు. 2020 జనవరి 9న చిత్తూరులో అమ్మఒడి ప్రారంభించినప్పుడు, తల్లి ఖాతాలో వేసే 15,000 రూపాయలు ప్రైవేటు బడి పిల్లలకు కూడా ఇచ్చారు. ఇప్పటి తల్లికి వందనమూ అంతే. పేద తల్లికి డబ్బు అందడాన్ని నేను తప్పుపట్టను, కానీ ఊరి బడి నుంచి కాన్వెంటుకు దారి దానివల్ల కొంత నునుపైందన్నది నా అభిప్రాయం.

మీ విషయానికొస్తే, అప్పు చేసి మాత్రం కట్టకండి. రెండు బడులకూ వెళ్లి, మీ పిల్లలు చేరబోయే తరగతిలోని ఏ పిల్లవాడినైనా పిలిపించి, తెలియని పేజీ ఒకటి చదివించమని అడగండి. ఎక్కడ తడబడకుండా చదివితే అక్కడ చేర్పించండి. రెండు చోట్లా ఒకేలా ఉంటే ఫీజు లేని చోటే మేలు.

ప్రశ్న: నేను ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా పనిచేస్తున్నాను. ఉదయం పిల్లల హాజరు, నా హాజరు, మొన్నటిదాకా మరుగుదొడ్ల ఫొటోలు, మధ్యాహ్నం గుడ్ల లెక్క, ఇవన్నీ ఫోన్లోనే. మా బడిలో సిగ్నల్ రాదు కనుక ప్రహరీ పక్కన చింతచెట్టు అరుగెక్కి చెయ్యి పైకెత్తి నిలబడతాను. లోపల పిల్లలు నన్ను చూసి నవ్వుతుంటారు. దీన్ని ఎవరూ కారణంగా రాయరెందుకు?
— ఒక ఉపాధ్యాయిని, చిత్తూరు దగ్గరి పల్లె

జవాబు: నేను రాస్తున్నాను. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్, జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప వేరే చదువేతర పనులకు టీచర్లను వాడకూడదని స్పష్టంగా చెబుతోంది. మరుగుదొడ్డి ఫొటో చదువులో భాగమేనని వాదించిన అధికారి ఉండి ఉండవచ్చు. శుభ్రమైన మరుగుదొడ్డి ఆడపిల్లలు బడికి రావడానికి అవసరమేనన్నదీ నిజమే. ఆ ఫొటో తీయడానికైనా, ఇప్పటి లెక్కలకైనా ఒకటో తరగతి వదిలి బయటికి రావలసినది మీరేనా అన్నదే నా ప్రశ్న. ఉదయపు మొదటి గంట చిన్నపిల్లల బుర్ర తేటగా ఉండే సమయం, ఆ గంటే చెట్టు కింద ఖర్చవుతోంది.

ప్రశ్న: ఇంగ్లీషు మీడియం వల్లే పిల్లలకు ఏ భాషా రాకుండా పోయిందని మా మిత్రులంటారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, నగరి

జవాబు: పూర్తిగా కాదు. అన్నీ తెలుగులోనే చెప్పిన రోజుల్లో కూడా వేలు ఒకచోట, నోరు ఒకచోట ఉన్న పిల్లలు మా తరగతుల్లో ఉండేవారు. అయినా 2019 నవంబరులో, ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మీడియంలోకి మార్చమన్న జీవో 81 తెచ్చిన తొందర దీన్ని పెంచింది. మరుసటి ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టివేసినా, ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలతో ఆ దారి కొనసాగింది. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన ఉండాలని చట్టం 29వ సెక్షన్ అంటుంది. మీ నగరి వైపు ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు మాట్లాడే పిల్లవాడికి బడిలో ఇంగ్లీషు మూడో భాష. అయితే ఇంగ్లీషు కావాలనే కూలివాడి కోరికను వెటకారం చేసేవాళ్లలో ఎందరి పిల్లలు తెలుగు మీడియంలో చదివారో నాకు తెలుసు కనుక, ఆ వెటకారంలో నేను కలవను. ముందు ఒక భాషలో చదవడం వస్తే, దాని మీద రెండో భాష నిలుస్తుంది.

ప్రశ్న: బడి కమిటీలో నన్ను సభ్యురాలిగా వేశారు. సంతకాలు పెట్టించుకుని పంపేస్తున్నారు. మాలాంటివాళ్లం చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: ఉంది. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలని చట్టం చెప్పింది సంతకాల కోసం కాదు. వచ్చే సమావేశంలో గోడల రంగు, బెంచీల సంఖ్య పక్కన పెట్టి, రెండో తరగతిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఎంతమంది చిన్న పేరా చదవగలరు అని అడగండి. అసర్ సర్వే 2005 నుంచి చేస్తున్నది ఇంతే: ఇంటికి వెళ్లి, రెండో తరగతి స్థాయి పేరా ఒకటి పిల్లవాడి చేతికిచ్చి చదవమంటుంది. దేశవ్యాప్తంగా పల్లెల్లోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో దాన్ని చదవగలిగినవారు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. కొంత మెరుగుపడింది గనుక, పట్టించుకుంటే కదులుతుందని అర్థమవుతోంది.

ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లున్నా ఎలా నడపాలో తెలుసుకోవడానికి మీరు దూరం వెళ్లనక్కర్లేదు. ఒకప్పటి మన జిల్లాలోనే, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూలువారు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు పెట్టి, పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా పేర్చారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో గోడ మీది పటంలో ఆ పిల్లకే కనిపిస్తుంది. ఒక మెట్టు రాకుండా పై మెట్టు కార్డు చేతికి రాదు. తరగతి ఏదైనా అందరూ ఒకే గదిలో గుంపులుగా కూర్చుని ఎవరి వేగంలో వారు సాగుతారు. దాన్ని చూసి వెళ్లి 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టినవారు తర్వాత తమిళనాడు అంతటా విస్తరించారు. మన పక్క మండలంలో పుట్టినది మనం సరిహద్దు దాటాక గుర్తించడం నాకు ఇప్పటికీ ఉడుకుమోతుతనంగానే ఉంటుంది.

మీ హెడ్మాస్టరు గారు రెండో తరగతి లెక్క చెప్పలేకపోతే కోప్పడకండి. ఆ లెక్క ఇంతవరకు ఆయనను అడిగినవారు లేరు. వారం గడువిచ్చి, మీరే మరో ఇద్దరు తల్లులతో వెళ్లి పిల్లల పక్కన కూర్చుని వినండి. వేలు ఎక్కడుందో కూడా చూడండి. వచ్చిన సంఖ్యను తేదీతో సహా తీర్మానాల పుస్తకంలో రాయించి, అప్పుడు సంతకం పెట్టండి.