పార్లమెంటు చర్చల వల్ల చిరుద్యోగికి ఒరిగేదేమైనా ఉందా?

కష్టకాలం వచ్చినప్పుడల్లా తక్కువ జీతాలు, ఉద్యోగాలు, ఆసుపత్రులు, రేషను అంటూ పార్లమెంటులో గంటల తరబడి మాట్లాడుతూనే ఉంటారు, దానివల్ల గుంటూరులో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసేవాడికి ఒక్క రూపాయైనా పెరిగిందా అని మీరు అడిగారు. నేను ఈ ఊళ్లోనే ఒక ప్రభుత్వ ఆసుపత్రి రికార్డు సెక్షనులో ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటరుగా పనిచేస్తూ, మా యూనియను అర్జీలు రాసిపెట్టే పని కూడా చూసినవాడిని. ఉపన్యాసాల వల్ల ఎవరి జీతమూ పెరిగిన దాఖలా నాకు కనపడలేదు. సభకు ఇచ్చిన ఒక రాతపూర్వక జవాబు వల్ల ఆగిపోయిన జీతాలు కదలడం మాత్రం చూశాను.

లోక్‌సభలో ఉదయం 11 గంటలకు ప్రశ్నోత్తరాల సమయం మొదలవుతుంది. రోజుకు 20 నక్షత్రం గుర్తు ప్రశ్నలు జాబితాలో ఉంటాయి, వాటికి మంత్రి లేచి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలనూ ఎదుర్కోవాలి. టీవీలో మనం చూసేది ఇదే, అదీ సభలో గొడవ లేని రోజున. వీటితో పాటు 230 దాకా నక్షత్రం గుర్తు లేని ప్రశ్నలుంటాయి. వాటికి మంత్రిత్వ శాఖ కాగితం మీద జవాబు రాసి సభ ముందు పెడుతుంది. బల్లలు చరచడాలు లేని ఈ కాగితాలే మనకు పనికొచ్చేవి. 2020 సెప్టెంబరులో కరోనా పేరుతో ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేసినా, రాతపూర్వక జవాబులు మిగిలాయి. లాక్‌డౌన్‌లో సొంతూళ్లకు వెళ్తూ చనిపోయిన వలస కార్మికుల లెక్క తమ దగ్గర లేదని ఆ నెల 14న కేంద్ర కార్మిక శాఖ చెప్పింది అలాంటి జవాబులోనే. చెన్నై నుంచి తాడేపల్లి మీదుగా ఒడిశా వైపు నడిచిపోతున్నవాళ్లకు హైవే పక్కన మజ్జిగ పోసిన మా ప్రాంతం వాళ్లకు, ఆ ఒక్క వాక్యం సభలో జరిగిన ప్రసంగాలన్నిటికన్నా ఎక్కువ మంట పుట్టించింది.

మా సంగతికి వస్తే, అది ఆప్కాస్ (ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం రాష్ట్ర ప్రభుత్వమే పెట్టిన కార్పొరేషను) రాకముందు, ప్రైవేటు ఏజెన్సీల కాలం. బిల్లు రాలేదని ఏజెన్సీ, బిల్లు ఎప్పుడో పంపామని ఆఫీసు అంటూ ఉండగా మా జీతాలు నెలల తరబడి ఆగిపోయాయి. అంతకుముందు వచ్చిన జీతాల్లోంచి పీఎఫ్ కింద మా వాటాతో పాటు యాజమాన్యం వాటా కూడా కోసుకునేవారు, తీరా ఫోనులో పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే ఆ నెలల వరుసలే ఉండేవి కావు. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే అసలు యజమానే, అంటే పని చేయించుకునే ఆఫీసే ఇచ్చి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 21వ సెక్షనులో స్పష్టంగా ఉంది. ఆ సెక్షను జిరాక్స్ తీసి ఇస్తే, అకౌంట్స్ చూసే పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చదివి, "మీరు ఏజెన్సీ మనుషులు బాబూ, మా చేతిలో ఏముంది?" అని వెనక్కి ఇచ్చేశారు.

అదే సెక్షనును ఉటంకిస్తూ ఒక ఎంపీ ప్రశ్నకు కార్మిక శాఖ ఇచ్చిన జవాబును లోక్‌సభ వెబ్‌సైటులో వెతికి, బ్రాడీపేటలో ప్రింటు తీయించి పట్టుకెళ్లాం. ఆయన ఈసారి విషయం కన్నా ముందు పైనున్న ప్రశ్న నంబరు, తేదీ చూశారు. "ఇదైతే నోట్ ఫైలుకు రిఫరెన్సుగా పెట్టొచ్చయ్యా, ఇక్కడ పెట్టి వెళ్లండి" అన్నారు. రెండు కాగితాల్లోనూ ఉన్న మాట ఒకటే. అయినా చట్టాన్ని తానే అన్వయించి రాస్తే రేపు ఆడిట్‌లో అడిగేది తననే, మంత్రి జవాబును జతచేస్తే ఆ బాధ్యత పైవాళ్లది. (ఇది నా ఊహే, ఆయన నోట ఆ మాట రాలేదు.) ఫైలు పైకి వెళ్లింది, సంక్రాంతి లోపల జీతం బకాయిలు వచ్చాయి. పీఎఫ్ మాత్రం చాలా ఆలస్యంగా, అదీ కొందరికే జమయింది. ఇప్పుడు ఆ పాత చట్టం స్థానంలో కొత్త కోడ్ వచ్చినా, అసలు యజమాని మీద ఆ బాధ్యత అలాగే ఉంది.

అయితే ఈ జవాబుల మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. ఇవి ఉన్న హక్కును కదిలించగలవు గానీ కొత్తగా డబ్బు తేలేవు. దేశవ్యాప్త కనీస వేతనం 2017లో రోజుకు 176 రూపాయలు, 2019లో 178 చేశారు. ఆ రెండు రూపాయల పెంపు వెనక ఎన్ని ప్రసంగాలున్నాయో లెక్క పెట్టుకోవచ్చు. అంగన్‌వాడీ కార్యకర్తకు కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం 2018 అక్టోబరులో 3,000 నుంచి 4,500 అయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎవరు అడిగినా ఆ 4,500 అంకెనే జవాబుల్లో తిరగరాస్తూ వచ్చారు. మన రాష్ట్రంలో రాష్ట్ర వాటాతో కలిపి 11,500 ఇస్తున్న రోజుల్లో, 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేసి, అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా వెనక్కి తగ్గకుండా విజయవాడ ధర్నా చౌక్‌లో కూర్చున్న అక్కచెల్లెళ్లకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. ఇక డబ్బు తేల్చాల్సిన బడ్జెట్ పద్దుల సంగతంటారా, 2023 మార్చి 23న దాదాపు 45 లక్షల కోట్ల పద్దులను లోక్‌సభ గిలటిన్ వేసి, చర్చ లేకుండానే ఆమోదించింది.

సభలో జీతం, ఉద్యోగం, ప్రజాసేవలు మూడూ ఒకే ఊపులో వినిపిస్తాయి గానీ, కింద అవి ఒకదాన్నొకటి తినేస్తుంటాయి. 2020 జులైలో ఆప్కాస్ వచ్చాక ఏజెన్సీల పీడ వదిలి జీతాలు గాడిన పడ్డాయి. అదే సమయంలో పట్టణాల్లో నెలకు 12,000 దాటిన కుటుంబం సంక్షేమ పథకాలకు అనర్హమన్న నిబంధన ఉండటంతో, ఖాతాలో జీతం పడుతున్నట్టు కంప్యూటరులో కనపడగానే మా అటెండరు ఒకాయన ఇంట్లో బియ్యం కార్డు రద్దయింది. పారిశుద్ధ్య కార్మికులకు కార్డు విషయంలో మినహాయింపు ఇచ్చారు గానీ అటెండర్లకు లేదు. ఆ ఇంట్లో జీతం వల్ల వచ్చిన మేలులో బియ్యం, పప్పు, నూనెలకే ఎంత పోయిందో ఆయన భార్య పద్దు రాసి చూపించింది.

ఇలాంటిది ఢిల్లీలో అడిగితే రాష్ట్రం చూసుకోవాలంటారు. ఆసుపత్రులు, పారిశుద్ధ్యం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోవి కాబట్టి, ఆప్కాస్, మున్సిపల్ కార్మికులు, బియ్యం కార్డుల అర్హత వంటివి వెలగపూడి అసెంబ్లీలో మీ ఎమ్మెల్యే చేత అడిగించాలి. పీఎఫ్, ఈఎస్ఐ, అంగన్‌వాడీ, ఉపాధి కూలీలాంటివి ఎంపీ చేత అడిగించాలి. అడిగేటప్పుడు "ప్రభుత్వం ఏ చర్యలు తీసుకుంటోంది?" అని ముగిస్తే పథకాల పేర్లతో రెండు పేజీలు నింపి పంపుతారు. ఆంధ్రప్రదేశ్‌లో పీఎఫ్ జమ చేయని కాంట్రాక్టర్లు ఏడాదివారీగా ఎంతమంది, ఎంత వసూలు చేశారు అని అంకె అడగాలి. "సమాచారం సేకరించి సభ ముందుంచుతాం" అని జవాబు వచ్చినా ఉత్తిదే అనుకోకండి. అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ ఆ శాఖను అడుగుతుంది. మీ కాగితం మాత్రం సమావేశాలు మొదలవకముందే ఎంపీ కార్యాలయానికి చేర్చండి. ప్రశ్నకు పదిహేను రోజుల ముందస్తు నోటీసు కావాలి, సమావేశాలు సగంలో ఉండగా ఇస్తే ఆ విడతకు అందకపోవచ్చు.