షుగరు లేదు, అయినా పాపకు దాహం తీరడం లేదు: మా అనుభవం

మీ 5 ఏళ్ల పాప పగలూ రాత్రీ నీళ్లే అడుగుతోందని, షుగరు పరీక్షలో ఏమీ తేలలేదని, పక్క తడుపుతోంది కాబట్టి చీకటి పడ్డాక నీళ్లు ఇవ్వొద్దని పెద్దవాళ్లు అంటున్నారని రాశారు. దయచేసి నీళ్లు ఆపకండి. మేం ఒక రాత్రి ఆపాం. తెల్లవారేసరికి ఆరేళ్ల మా బాబు నోరు పిడచకట్టి, ఒళ్లు కాలిపోతూ, పిలిస్తే పలకలేని స్థితిలో ఉన్నాడు. మూత్రం మాత్రం ఆగలేదు. వాడికున్నది డయాబెటిస్ ఇన్‌సిపిడస్ అని తర్వాత తేలింది. పేరులో డయాబెటిస్ ఉన్నా దీనికీ షుగరుకూ సంబంధం లేదు.

మాది కర్నూలు. మే నెలలో ఇక్కడ పిల్లలు చెంబులకు చెంబులు తాగినా ఎవరూ వింతగా చూడరు. ఎండల వల్లేనని మేమూ మూడు నెలలు ఊరుకున్నాం. కానీ ఎండలో ఆడుకున్న పిల్లలకు మూత్రం కొద్దిగా, పచ్చగా వస్తుంది. మా వాడికి మిట్టమధ్యాహ్నం కూడా కుళాయి నీళ్లలా రంగు లేకుండా వచ్చేది. ఒక రాత్రి లేచి బాత్రూంలో బకెట్ నీళ్లు దోసిట పట్టి తాగుతుంటే చూసి వణికిపోయాను.

పిల్లల డాక్టరు 24 గంటల మూత్రం కొలవమన్నారు. 4 లీటర్లు వచ్చింది. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 2 లీటర్లు దాటితే అనుమానించాలట. 17 కిలోల మా వాడికి ఆ హద్దు సుమారు లీటరున్నర. వెంటనే హైదరాబాదు పంపారు. అక్కడ ఆసుపత్రిలో ఉంచి, గంటగంటకూ బరువు తూస్తూ, రక్తంలో సోడియం చూస్తూ నీళ్లు ఆపి పరీక్షించారు. తర్వాత డెస్మోప్రెసిన్ అనే మందు ఇస్తే మూత్రం చిక్కబడింది. అంటే మెదడు కింద ఉండే పీయూష గ్రంథి నుంచి రావలసిన వాసోప్రెసిన్ (కిడ్నీలు నీళ్లను వదిలేయకుండా చూసే హార్మోన్) చాలడం లేదు. ఆ లోటును ఈ మందు తీరుస్తుంది. మందుకూ చిక్కబడకపోతే లోపం కిడ్నీలలో ఉన్నట్టు, దాని చికిత్స వేరు. మెదడు ఎంఆర్ఐలో గడ్డ కనిపించలేదు. కొన్ని ఆలస్యంగా బయటపడతాయని చెప్పినందువల్ల మళ్లీ మళ్లీ తీయిస్తున్నాం.

ఇప్పుడు డెస్మోప్రెసిన్ మాత్రతో హాయిగా నిద్రపోతున్నాడు. అయితే మాత్ర వేసుకుని పాత అలవాటు కొద్దీ నీళ్లు తాగితే సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, ఫిట్స్ రావచ్చు. అందుకే దాహమైతేనే తాగమంటాం. డాక్టరు చెప్పినట్టు రోజుకు ఒకసారైనా మూత్రం ధారాళంగా వచ్చాకే తర్వాతి మాత్ర వేస్తాం. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికే తీసుకెళ్తాం. బడిలో నీళ్లకూ బాత్రూంకూ అడ్డు చెప్పవద్దని టీచరుకు చీటీ రాసి ఇచ్చాం.

డయాబెటిస్ ఇన్‌సిపిడస్ అనగానే కొందరు వేలికి సూది గుచ్చి షుగరు చూసి, ఏమీ లేదని పంపేస్తారు. ఈ గందరగోళం ప్రమాదకరమనే 2022లో నిపుణులు మా వాడికున్న రకానికి వాసోప్రెసిన్ లోపం అనే పేరు సూచించారు. డాక్టరుతో మాట్లాడేటప్పుడు మీరూ ఆ మాటే వాడండి.

రేపు పాప లేవగానే వచ్చిన తొలి మూత్రం శుభ్రమైన సీసాలో పట్టి ల్యాబుకు ఇవ్వండి. అదే పూట రక్తంలో సోడియం, ఆస్మోలాలిటీ (ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) చూడమని డాక్టరును అడగండి. అప్పటిదాకా పాప మంచం పక్కన నీళ్ల సీసా ఉంచండి.